తొమ్మిదిన్నరకి బాగానే ఉన్నారు

పరిశోధన విభాగం, మూడో అంతస్తు
జూన్ 9

పిచ్చుకా,

బస్సు దిగి ఇంటికైనా వెళ్లకుండా నేరుగా ఆఫీసుకి వచ్చేశాను. సంచి కుర్చీ కింద పెట్టి ముందు నీకు రాస్తున్నాను. నువ్వన్నది నిజమే, ఇక మనకి ఫోన్లు వద్దు. మొన్న మందుల షాపు నుంచి నేను నీకు ఫోన్ చేసి తిరిగొచ్చేసరికి ఫోను ముక్కలై నేల మీద ఉంది. తమ్ముడు నీ చేతిలోంచి లాక్కుని, నాతో మాట్లాడబోయి, మాట పెగలక గోడకేసి కొట్టాడన్నావు. తన గురించి తన ముందే మనిద్దరం మాట్లాడుకుంటుంటే వాడికి ఎలా ఉంటుందో మనం ఆలోచించలేదు. ఉత్తరాలే రాసుకుందాం. నీ పెళ్లికి ముందు రికార్డు గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని చీటీలు మార్చుకున్నవాళ్లమేగా. నిన్ను మా తమ్ముడికి చేసుకుంటానని నేను మొదట అడిగింది కూడా చీటీలోనే.

చేయాల్సినవన్నీ పడకగది తలుపు మీద రాసి అంటించి వచ్చాను. అయినా నా నోరు ఊరుకోదు. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు. మింగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించమను. నీళ్లు పల్చగా ఇవ్వకు, ఆ పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో పట్టు. దగ్గు రాలేదు కదా అని నమ్మకు, కొందరికి ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగకు, భుజం జారుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. పక్షవాతం నుంచి ఎంత కోలుకున్నా ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే. అందులో ఆరు వారాలు అప్పుడే అయిపోయాయి.

ఇక అసలు సంగతి. తొమ్మిదేళ్లుగా నా పనేమిటో నీకు తెలుసు. పక్షవాతం వచ్చినవాళ్ల ఇంటివాళ్లని కూర్చోబెట్టి, ఎన్నింటికి మొదలైంది, ఎవరు గుర్తుపట్టారు, ఎంతసేపటికి తీసుకొచ్చారు అని అడిగి ఫారాలు నింపుతాను. పదకొండు వందల ఫారాలు నా చేతిరాతలో ఉన్నాయి. రక్తపు గడ్డని కరిగించే ఆ ఇంజెక్షన్ వేళకి పడితే ఎంతమంది లేచి నడిచి వెళ్లారో కళ్లారా చూశాను. నూటికి ఆరుగురికి మాత్రం మెదడులో రక్తం చిమ్ముతుంది. వాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చినవాళ్లో, బాగా పెద్దవాళ్లో. మనవాడికి యాభై రెండేళ్లు. తొమ్మిదిన్నరకి నీతో ఫోన్లో మాట్లాడాడు, పన్నెండుకల్లా ఇంజెక్షన్ పడింది. అంటే రెండున్నర గంటలు! వాడు ఆ ఆరుగురిలోకి ఎలా వెళ్లాడు?

ఆ డ్యూటీ డాక్టరమ్మ ఎక్కడో పొరపాటు చేసింది. కాగితాలు తెప్పిస్తున్నాను. ఊరుకోను.

నువ్వు తింటున్నావా? పిచ్చుక తిండి తిని వాణ్ని లేపలేవు.

నీ వదిన


ఇంట్లో, కిటికీ దగ్గర
జూన్ 24

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తింటున్నాను. నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను.

మంచి మాట ముందు రాస్తాను. బుధవారం రెండు కడ్డీల మధ్య ఆరు అడుగులు వేశారు. వ్యాయామం చేయించే అతను వెనక నుంచి నడుం పట్టుకున్నాడు, నేను కుడి పాదం ముందుకి జరిపాను. ఆరు అడుగులకి ముగ్గురం చెమటతో తడిసిపోయాం.

మాట మాత్రం ఒక్కటే వస్తోంది. ఇరవై రెండేళ్లు డ్రైవింగ్ నేర్పిన మనిషి కదా. పక్క సీట్లో కూర్చుని, కాలు రెండో బ్రేకు మీద పెట్టుకుని, రోజంతా అనే మాట "మెల్లగా". ఇప్పుడు దాహమైతే మెల్లగా. భుజం నొప్పెడితే మెల్లగా. కోపమొస్తే గట్టిగా, మెల్లగా! మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల కార్డులు పరిచి దువ్వెన ఏదంటే దువ్వెనే చూపిస్తారు, తాళంచెవి ఏదంటే తాళంచెవే. అంతా అర్థమవుతుందట, బయటికి రావడమే లేదట. మొన్న టీవీలో ఒకమ్మాయి ఊపిరి తీసుకోకుండా వార్తలు చదువుతుంటే ఆవిణ్ని చూసి "మెల్లగా" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ మాట సరైన చోట పడింది ఆ ఒక్కసారే. నవ్వు ఆపలేక ఆయన ఏడుపులోకి వెళ్లిపోయారు. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ చేతిలో ఉండవని నువ్వే చెప్పావు. అయినా అది అసలు ఏడుపే అనిపించింది నాకు.

ఆయనతో పాటు పనిచేసే ఇంకో మాస్టారు వచ్చి కారులో ఉన్న ఆయన సామాన్లు ఇచ్చి వెళ్లాడు. చలవ కళ్లద్దాలు, తువ్వాలు, విద్యార్థుల పేర్ల పుస్తకం. డాష్‌బోర్డు అరలోంచి తీసిన బీపీ మాత్రల అట్టలు మూడు. ఒక్క మాత్ర కూడా విప్పలేదు. మాత్ర వేసుకుంటే మత్తుగా ఉంటోందని ఒకసారి అన్నారు. "నేను కునికితే పక్కనున్న పిల్లలు బండిని ఎవడి మీదికి ఎక్కిస్తారో" అన్నారు. నేను రోజూ అడిగేదాన్ని, వేసుకున్నారా అని. వేసుకున్నానని రోజూ చెప్పారు.

వదినా, ఆ డాక్టరమ్మ సంగతి వదిలెయ్యి. ఆవిడ మంచిది. ఎంతో ఓపిగ్గా మాట్లాడింది. ఇప్పుడవన్నీ తవ్వితే ఆయన చెయ్యి వస్తుందా?

నీ పిచ్చుక


పరిశోధన విభాగం
జూలై 15

పిచ్చుకా,

ఆరు అడుగుల కబురు మా గదిలో అందరికీ చెప్పాను. స్వీపరమ్మతో సహా.

మాత్రల సంగతి చదివి రెండు రోజులు పని చేయలేకపోయాను. ఇంటింటికీ వెళ్లి బీపీ గురించి చెప్పే మనిషిని, సొంత తమ్ముడి కారులో అర తెరిచి చూడలేదు. సర్లే. వాణ్ని ఇప్పుడేమనగలం?

కానీ డాక్టరమ్మని వదలమన్నావు చూడు, ఆ మాట వినను. నీది మెత్తని మనసు, అందుకే ఎవరైనా నీతో తీయగా మాట్లాడితే వాళ్లు తప్పు చేయలేదనుకుంటావు. కాగితాలు వచ్చాయి. ఇంజెక్షన్‌కి ముందు తీసిన స్కాన్ మా పెద్ద డాక్టరుకి చూపించాను. ఆయన దీపం పెట్టె మీద పెట్టి చాలాసేపు చూసి, ఎడమ వైపు ఒకచోట వేలు పెట్టారు. "ఇక్కడ అప్పటికే మబ్బు కమ్మింది. రెండు గంటల్లో ఇలా అవదు. ఇది దెబ్బ తగిలి అయిదారు గంటలైన మెదడు" అన్నారు. ఆ మబ్బుని చూసి ఆపాల్సింది, చూడకుండా ఇచ్చేసింది. అంతే కదా అర్థం? మెత్తబడిన చోట రక్తం చిమ్మక ఏమవుతుంది?

ఫిర్యాదు పంపించేశాను. మూడు పేజీలు. వాళ్లు విచారణ వేస్తామన్నారు. అప్పటిదాకా ఆవిణ్ని అత్యవసర విభాగంలోంచి తప్పించారట.

నువ్వు ఒక్క పని చెయ్యి. ఆ రోజు పొద్దున లేచింది మొదలు ఏం జరిగిందో గంటగంటకీ రాసి పంపు. ఏదీ చిన్న విషయమనుకోకు. సాక్ష్యంగా నీ కాగితం కావాలి.

నీ వదిన


ఇంట్లో
ఆగస్టు 2

వదినా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇంట్లో ఊపిరాడటం లేదు.

ఆయన వ్యాయామానికి రానంటున్నారు. వాళ్లు వచ్చేసరికి కళ్లు మూసుకుంటారు. నిద్రపోవడం లేదు, నాకు తెలుసు. రెప్పలు కదులుతుంటాయి. కుడి చెయ్యి బిగుసుకుపోయి గుప్పిట తెరుచుకోవడం లేదు, లోపల గోళ్లు గుచ్చుకుని పుళ్లు పడుతున్నాయి. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి గుడ్డ చుట్ట పెడుతున్నాను. ఇది దిగులు కాదమ్మా, దీన్నీ జబ్బుగానే చూడాలి, మెదడు దెబ్బతిన్నాక చాలామందికి వస్తుంది అని డాక్టరు ఇంకో మాత్ర రాశాడు. జబ్బైనా దిగులైనా మోసేది ఆ మనిషే కదా.

నేను పనిచేసే బేకరీలో నా స్థానం ఉంచారు. పొద్దున ఆరున్నర నుంచి పది దాకా ఆయన దగ్గర ఎదురింటావిడ కూర్చుంటోంది. కౌంటర్ దగ్గర నిలబడి బ్రెడ్డు పొట్లాలు కడుతుంటే ఆ మూడున్నర గంటలూ నేను మామూలు మనిషినే. దానికి కూడా సిగ్గేస్తోంది.

నిన్న స్టవ్వు జరిపి ఊడుస్తుంటే ఆ రోజు పొద్దున పగిలిన టీ గ్లాసు ముక్క ఒకటి దొరికింది. ఇన్నాళ్లూ ఎవరి కాలికీ గుచ్చుకోలేదు. ఇప్పుడన్నీ స్టీలువే వాడుతున్నాను.

ఆ రోజు సంగతి రాయమన్నావు. రాయడానికేముంది? ఆసుపత్రిలో చెప్పిందే. నేను పనికి వెళ్లాను. తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే బాగానే మాట్లాడారు. వచ్చి చూసేసరికి మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నారు. ఇంతే.

ఫిర్యాదు వెనక్కి తీసుకో వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను.

పిచ్చుక


పరిశోధన విభాగం
ఆగస్టు 10

అమ్మాయ్,

ఏ టీ గ్లాసు?

నువ్వు బేకరీకి వెళ్లేసరికి వాడు నిద్ర లేవలేదని నాతో చెప్పావు. ఆసుపత్రి కాగితంలో కూడా అదే ఉంది. మరి ఆ పొద్దున టీ గ్లాసు ఎవరి చేతిలోంచి జారింది? ఎన్నింటికి?

వదిన


బేకరీ వెనక గది
ఆగస్టు 21

వదినా,

ఇంట్లో ఆయన ముందు కూర్చుని ఇది రాయలేకపోయాను. ఇక్కడ పిండి బస్తా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

ఆరింటికి. ఆయన చేతిలోంచే.

టీ ఇచ్చాను. కుడి చేత్తో అందుకున్నారు, గ్లాసు వేళ్లలోంచి అలా జారిపోయింది. పట్టుకోవాలని కూడా చూడలేదు. నవ్వారు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. "చెయ్యి మీద పడుకున్నట్టున్నా, తిమ్మిరెక్కింది" అన్నారు. ఆ మాట నోట్లో ముద్ద పెట్టుకుని అన్నట్టుంది. నేను గాజు పెంకులు ఊడుస్తూ, "పళ్లు తోముకోకుండా మాట్లాడితే అలాగే ఉంటుంది" అన్నాను. ఆయన మాట్లాడగలిగిన ఆఖరి పొద్దున నేనన్న మాట అది.

పోయినేడు నువ్వు తెచ్చి అంటించిన కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం. రోజుకి ఇరవైసార్లు ఆ తలుపు తీస్తాను. మూడూ నా కళ్లెదురుగా జరిగాయి. మూడూ చూశాను. గుర్తుపట్టలేదు. ఆ కాగితంలో ఉన్నది ఎవరో ముసలాయన బొమ్మ, వదినా. ఇక్కడ ఉన్నది ఆయన. "కాసేపు పడుకుంటా, పదకొండింటికి నలుగురు పిల్లలకి టెస్టుంది" అన్నారు. సరేనన్నాను. అప్పటికే ఆలస్యమైంది, చెప్పులేసుకుని వచ్చేశాను.

తొమ్మిదిన్నరకి ఫోన్ చేసిన మాట నిజం. ఆయన ఎత్తలేదు. నిద్రపోతున్నారనుకున్నాను.

పదకొండున్నరకి ఆసుపత్రిలో ఉన్నాం. మా ముందు మంచం మీద ఒక పెద్దాయన. వాళ్లబ్బాయి "పొద్దున్నే లేచేసరికే ఇలా ఉంది" అన్నాడు. వేళ దాటిపోయిందని ఆయన్ని పక్కకి తోశారు. తర్వాత డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది. "చివరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారమ్మా?" అంది.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు వదినా. నీ నోట ఎన్నిసార్లు విన్నాను! మా ఇంట్లో అన్నం తింటూ నువ్వు చెబుతుండేదానివి, "నాలుగున్నర గంటలు. అది దాటితే ఇంజెక్షన్ లేదు, ఇక ఆ మనిషి మంచానికే" అని. ఆయనేమో, "అక్కా, తిననివ్వవే" అని నవ్వేవారు. నేను అక్కడ నిలబడి వేళ్ల మీద లెక్కేశాను. ఆరు నుంచి పదకొండున్నర. దాటిపోయింది. తొమ్మిదిన్నర అని చెప్పాను. ఫోన్లో మాట్లాడారని, బాగానే ఉన్నారని చెప్పాను.

ఆవిడ స్కాన్ చూసి మళ్లీ వచ్చింది. "కొంచెం అనుమానంగా ఉంది. తొమ్మిదిన్నర ఖాయమేనా?" అంది. ఖాయమన్నాను. మూడోసారి నా రెండు చేతులూ పట్టుకుని, "వేళ తప్పైతే ఈ మందే ఆయన ప్రాణం తీస్తుందమ్మా, ఆలోచించి చెప్పండి" అంది. నా మీద ఒట్టేసి చెప్పాను.

ఎందుకు చెప్పావంటావా? పక్కకి తోసిన ఆ పెద్దాయన కాళ్లు కనిపిస్తున్నాయి, ఒక కాలికే మేజోడు ఉంది. మా ఆయన్ని కూడా అలా పక్కకి తోస్తారని భయం. అంతే. బతికించుకోవాలనే చెప్పాను. మందు ఎక్కించిన గంటకి వాంతయింది. కళ్లు పైకి వెళ్లిపోయాయి.

నాలుగు నెలలుగా ఇది ఒక్కదాన్నే మోస్తున్నాను. ఇప్పుడు నువ్వేం చేసినా సరే.


పరిశోధన విభాగం
అక్టోబర్ 5

నీ ఉత్తరం అందింది. ఆరు వారాలైంది. జవాబు మొదలుపెట్టి చించేసిన కాగితాలు చాలానే ఉన్నాయి.

విచారణకి వెళ్లాను. నీ ఉత్తరం చూపించలేదు. విషయం మాత్రం చెప్పాను, ఇంటివాళ్లు వేళ తప్పు చెప్పారని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని. బల్లకి అటువైపు ఆ డాక్టరమ్మ కూర్చుంది. నా కూతురంత ఉంటుంది. కోపంగా చూస్తుందనుకున్నాను. "ఆవిడ ఒట్టేశారు, నేను నమ్మాను. నమ్మకపోతే ఎవరికీ ఇవ్వలేను" అంది. తిరిగి అత్యవసర విభాగానికి వెళ్లొచ్చని వాళ్లన్నారు. "వద్దండీ, ఇంకోసారి ఎవరి చేతులైనా పట్టుకుని ఆ ప్రశ్న అడగలేను" అంది. ఎంతో తెలివైన డాక్టరు అని బయట నర్సులు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతోంది. ఆ మూడు పేజీలూ రాసింది నేను.

నా ఫారాలు మళ్లీ తీశాను. పదకొండు వందలూ. ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర. ఎవరికీ పక్షవాతం ఎనిమిదీ పదిహేడుకి రాలేదు. ఇవన్నీ వాళ్లు చూసిన వేళలా, మేం వినాలనుకున్న వేళలా? తొమ్మిదేళ్లు బల్లకి ఇటువైపు కూర్చుని అడిగాను, ఒక్కసారి కూడా నాకీ అనుమానం రాలేదు. మా పెద్ద డాక్టరుకి చెప్పాను. "అలాంటివి కొన్ని ఉంటాయమ్మా, ఇంత పెద్ద లెక్కలో సర్దుకుపోతాయి" అన్నారు. మా తమ్ముడు సర్దుకుపోయాడు. ఆ రోజు నుంచి ఇంటివాళ్లని అడిగే పని మానేశాను. మూల కూర్చుని టైపు చేస్తున్నాను.

ఒక మాట రాయాలి, రాస్తున్నాను. మూసుకున్నది పెద్ద రక్తనాళం. ఇంజెక్షన్ పడకపోయినా వాడు ఇలాగే ఉండేవాడేమో, అసలు ఉండేవాడే కాదేమో. తేల్చి చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. వేరే ఇంటావిడ నా ముందు కూర్చుని ఉంటే ఈ మాటే చెప్పి, భుజం మీద చెయ్యేసి, మంచినీళ్లిచ్చి పంపేదాన్ని. నీ భుజం మీదికి నా చెయ్యి రావడం లేదు. ఆ నాలుగున్నర గంటల లెక్క నీకు నేర్పింది నేనే అని తెలిసీ రావడం లేదు. వాడు నేనెత్తుకు పెంచిన తమ్ముడు.

వాడికి ఇది చెప్పకు. దయచేసి.


ఇంట్లో
అక్టోబర్ 20

వదినా,

నీ ఉత్తరం అందేసరికే చెప్పేశాను.

నాలుగో తారీకు మధ్యాహ్నం. అన్నం మెత్తగా పిసికి తినిపిస్తున్నాను. ఆ పూట ఎందుకో ఆయన ఎడమ చేత్తో నా చెంప మీద జుట్టు వెనక్కి తోశారు. జబ్బు చేశాక ఆయన అంతట ఆయన నన్ను తాకడం అదే మొదలు. తట్టుకోలేకపోయాను. అంత ప్రేమ దొంగతనంగా తీసుకుంటున్నట్టు అనిపించింది. గ్లాసు దగ్గర మొదలుపెట్టి ఒట్టు దాకా అంతా చెప్పేశాను.

విన్నారు. మాటలు నేర్పే అమ్మాయి చెప్పింది నిజం, ఆయనకి అంతా అర్థమవుతుంది.  తర్వాత నా చేతిలోంచి చెంచా తీసుకుని కంచంలో పెట్టారు. విసిరెయ్యలేదు. చప్పుడు కూడా కాకుండా పెట్టారు.

ఆ రోజు నుంచి నా చేత్తో తినడం లేదు. పదహారు రోజులు. నేను దగ్గరికెళితే పెదాలు బిగిస్తారు. ఎదురింటావిడ పెడితే రెండు చెంచాలు, ఆ ఇంకో మాస్టారు వస్తే నాలుగు. ఆ ఒక్క మాట కూడా అనడం లేదు ఇప్పుడు. ఇది నా మీద కోపమా, ఇక చాలనుకున్నారా, ఎలా తెలుసుకోను? కోపమైతే బాగుండునని రోజూ కోరుకుంటున్నాను.

కంఠం దగ్గర ఎముకలు తేలాయి. మొన్న జ్వరమొచ్చింది, ఛాతీలో గురగుర. ముక్కులోంచి గొట్టం వేశారు, ఎడమ చేత్తో పీకేశారు. మళ్లీ వేసి ఆ చేతిని మంచానికి కట్టమన్నారు. ఉన్న ఒక్క చేతినీ కట్టాలా? నేను ఒప్పుకోలేదు. ఇది కూడా తప్పేనేమో. నాకిప్పుడు ఏది తప్పో తెలియడం లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు పెడితే తింటారేమో. నువ్వు రా వదినా.


పరిశోధన విభాగం
అక్టోబర్ 27

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. గురువారం పొద్దున బస్సు దిగుతాను.

నేను వచ్చేలోగా వాణ్ని తలవైపు ఎత్తుగా ఉంచు. చేతిని కట్టనివ్వకపోవడం మంచి పనే చేశావు. వాడు నా చేత్తో తింటాడో లేదో నాకు తెలియదు. తినకపోతే బలవంతం చేయను, పక్కన కూర్చుంటాను. నువ్వు కూడా అంతకు మించి ఆశ పెట్టుకోకు.

స్టాండుకి రావద్దు. ఆ పూట నువ్వు పనికి వెళ్లు, ఎదురింటావిడ తలుపు తీస్తుంది. తలుపు తీసేసరికి నువ్వు ఎదురుగా ఉంటే నేను గుమ్మం దాటలేను. పదింటికి నువ్వు తిరిగొచ్చాక ఆ ఇంట్లో ఇద్దరం ఎలా మసలగలమో అప్పుడు చూద్దాం.